ఖాళీగా వదిలిన గడి

ఆ పని నాకే అప్పగిస్తారని ఇంట్లో ముందే చెప్పేశాను. మా ఆయనకు చెప్పాను, పదో తరగతి చదివే మా అమ్మాయికి చెప్పాను, ఫోన్లో మా వదినకు కూడా చెప్పాను. "వావ్ మమ్మీ! పార్టీ కబ్?" అంది మా అమ్మాయి. తీరా సోమవారం మీటింగులో మా బాస్ ఆ పని ఇంకొకరికి ఇచ్చాడు. ఇచ్చింది ఎవరికో కాదు, నేను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన పిల్లకి.

నేను ఢిల్లీ పక్కన నోయిడాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ డేటా సెంటర్లో పనిచేస్తాను. డేటా సెంటర్ అనేది పెద్ద మాట. రెండో అంతస్తులో కిటికీలు లేని ఒక పొడవాటి గది, అందులో వరసగా ఇనుప ర్యాకులు, ర్యాకుల నిండా సర్వర్లు. బయట మే నెల ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, లోపల ఏసీ చలికి నేను శాలువా కప్పుకుని తిరిగేదాన్ని. పదమూడేళ్ళుగా ఆ గదిని చూసుకున్నది నేను. ఏ మెషిన్ ఎప్పుడు వచ్చిందో, దేని ఫ్యాను పాడవబోతే ఎలా మూలుగుతుందో నాకు తెలుసు. నాది పార్వతీపురం. అందుకని వాటికి మా వైపు నదుల పేర్లు పెట్టుకున్నాను. నాగావళి, వంశధార, సువర్ణముఖి, వేగావతి. ఢిల్లీ వాళ్ళు వాటిని పలకలేక తంటాలు పడుతుంటే నాకు సరదాగా ఉండేది.

మా పద్ధతి పాతకాలంది. ఒక్కో పనికి ఒక్కో మెషిన్. ప్రీమియం కట్టించుకునేది ఒకటి, క్లెయిములు చూసేది ఒకటి, జీతాలకు ఒకటి. సగం మెషిన్లు రోజంతా ఊరికే వేడెక్కుతూ కూర్చునేవి. ఒకదాంట్లో డిస్కు నిండిపోయి ఊపిరాడక కొట్టుకుంటుంటే, పక్కనే ఇంకోదాంట్లో బోలెడు జాగా ఖాళీగా పడి ఉండేది. ఒకదాని జాగా ఇంకోదానికి ఇవ్వడానికి వీలుండేది కాదు. దీన్ని మార్చి వర్చువలైజేషన్ చెయ్యాలని కంపెనీ నిర్ణయించింది. అంటే, నాలుగు పెద్ద మెషిన్లు తెచ్చి, సాఫ్ట్‌వేర్ సాయంతో ఒక్కోదాని లోపల పదేసి మెషిన్లను కాపురం పెట్టించడం. డిస్కులన్నీ కలిపి ఒకే చోట పెట్టి, ఎవరికి ఎంత జాగా కావాలంటే అంత ఇవ్వడం. ఇంట్లో ముందే చెప్పుకున్న పని ఇదే. దాని గురించి నేను మూడేళ్ళుగా బాస్‌కి చెబుతూనే ఉన్నాను.

ఆ పిల్లది జగిత్యాల. నాలుగేళ్ళ కిందట మా టీమ్‌లో చేరింది. మయూర్ విహార్‌లో మా అపార్ట్‌మెంట్ల సొసైటీకి రెండు వీధుల అవతల పీజీ హాస్టల్లో ఉండేది. చేరిన రోజే నా మాట విని, "అక్కా, మీరు తెలుగోల్లా!" అని అంత గట్టిగా అరిచింది, ఫ్లోరంతా తిరిగి చూశారు. అప్పటి నుంచి పొద్దున మెట్రోలో కలిసి వెళ్ళేవాళ్ళం, సాయంత్రం కలిసి వచ్చేవాళ్ళం. ఆదివారాలు మా ఇంటికొచ్చి మా ఆయన చేసే పులిహోర తినేది. ఒకసారి సరోజినీ నగర్ వెళ్ళినప్పుడు దుకాణం వాడితో గుక్క తిప్పుకోకుండా హిందీలో బేరమాడి నాకో నీలం శాలువా ఇప్పించింది. "సర్వర్ రూంల కప్పుకోన్రి అక్కా, పాతది చినిగింది" అంది. చురుకైన పిల్ల. ఒకటి చెబితే రెండోది అడిగేది. రెండోది నాకు తెలియకపోతే రాత్రి పీజీలో కూర్చుని చదివి మర్నాడు నాకు చెప్పేది. అప్పట్లో అది చూస్తే ముచ్చటగా ఉండేది.

మీటింగులో మా బాస్, "ప్రాజెక్ట్ యే లీడ్ కరేగీ," అని ఆమె వైపు చూపించి, నా వైపు తిరిగాడు. "మేడమ్‌జీ, ఆప్ స్టోరేజ్ సంభాల్ లీజియే. ఆప్ తో హమారీ ఫౌండేషన్ హై." డిస్కుల సంగతి నన్ను చూసుకోమని, తమకు నేనే పునాదినని. చండీగఢ్ మనిషి, మర్యాదస్తుడు. నన్ను పొగిడాననే అనుకున్నాడు. పునాది అంటే మట్టిలో ఉండేది, పైకి ఎవరికీ కనపడనిది కదా అనుకున్నాను నేను. ఆమెను పేరు పెట్టి పిలుస్తాడు, నన్ను మేడమ్‌జీ అంటాడు. ఇన్నాళ్ళూ దాన్ని గౌరవం అనుకున్నాను. ఆ రోజు నుంచి అది నన్ను దూరంగా కూర్చోబెట్టడంలా వినిపించడం మొదలైంది.

వారం తిరక్కుండా ఆమె కంపెనీ పెద్దల ముందు ప్రాజెక్టు గురించి చెప్పింది. కంప్యూటర్లతో సంబంధం లేని మనుషులు వాళ్ళు. "సర్, గ్రేటర్ కైలాష్ మే కోఠీ తోడ్‌కే బిల్డర్ ఫ్లోర్ బనాతే హై నా? జమీన్ వహీ, లేకిన్ చార్ ఫ్యామిలీ రహతీ హై, సబ్‌కా దర్వాజా అలగ్. బస్, వహీ కర్ రహే హై హమ్" అంది. పాత బంగళా పడగొట్టి అదే స్థలంలో నాలుగు కుటుంబాలకు వేర్వేరు తలుపులతో నాలుగంతస్తులు కట్టినట్టే ఇదీ అని. అందరికీ ఒక్క దెబ్బతో అర్థమైపోయింది, నవ్వారు. ఒకాయన బల్ల చరిచాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఆ పోలిక నాది. నెల కిందట క్యాంటీన్లో పరోఠా తింటూ నేను చెప్పిన మాట అది. కోఠీ నాదే, ఫ్లోర్లు నావే, చప్పట్లు మాత్రం ఆమెవి.

ఆ తర్వాత నేనెలా తయారయ్యానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఆమె బాస్ గదిలోకి రోజుకు ఎన్నిసార్లు వెళుతోందో చూసేదాన్ని. ఆమె పంపే మెయిళ్ళు రెండేసి సార్లు చదివేదాన్ని, తప్పు దొరుకుతుందేమోనని. ఒక రోజు ఒక స్పెల్లింగు తప్పు దొరికింది, సాయంత్రం దాకా హాయిగా ఉంది. ఆమెకు వంట లేదు, పిల్ల ట్యూషన్ లేదు, అత్తగారి మందుల చీటీలు లేవు, ఎంతసేపైనా చదువుకోవచ్చు, అదే నాకూ ఉంటేనా అని లోపల లోపలే వాదించుకునేదాన్ని. నీలం శాలువాను డ్రాయర్లో కుక్కి పాతదే కప్పుకోవడం మొదలుపెట్టాను. పది నిమిషాలు ముందు వెళ్ళే మెట్రో పట్టుకునేదాన్ని.

"పొద్దుగాల మీరు కనవడ్తలేరేంది అక్కా?" అని అడిగింది.

"మా అమ్మాయి స్కూల్ టైము మారిందమ్మా" అన్నాను. టైము మారలేదు.

ఇంట్లో మా ఆయన, "ఆ పిల్ల రావటం లేదేటి? ఈ ఆదివారం రమ్మను" అన్నాడు.

"దానికి తీరికెక్కడిది ఇప్పుడు? పెద్ద లీడర్ కదా" అన్నాను.

ఆయన పేపరు దించి నన్ను ఒకసారి చూశాడు. ఆ చూపుకి నాకు ఇంకా కోపమొచ్చింది.

పాత మెషిన్లను కొత్తచోటికి మార్చే ముందు ఆమె ఒక పెద్ద పట్టిక తయారుచేసి నాకు పంపింది. ప్రతి మెషిన్‌కీ ఒక వరస. ఏ పని చేస్తుంది, ఎంత డిస్కు, ఎవరు వాడతారు, దేనితో మాట్లాడుతుంది. చివరి గడి పేరు 'దీనికి తగిలించి ఉన్న ఇతర పరికరాలు'. "మీకే ఎర్క అక్కా ఇవన్నీ. జర నింపుండ్రి" అని రాసింది. నా నదుల పేర్లు తీసేసి ప్రతి మెషిన్‌కీ ఒక నంబరు ఇచ్చింది. కంపెనీ పద్ధతి అది, ఆమె సొంతంగా చేసింది కాదు. అయినా నాగావళి ఉండాల్సిన చోట అంకె చూసేసరికి నా మనసు ముక్కలైంది.

ఒక గురువారం మధ్యాహ్నం కూర్చుని నింపుతూ నాగావళి వరసకు వచ్చాను. క్లెయిము మంజూరైన వాళ్ళకి ఉత్తరాలు ముద్రించే మెషిన్ అది. దాని మీద ఒక పాత అప్లికేషన్ నడుస్తుంది. అది చేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ మెషిన్ వెనక, కేబుళ్ళ గుంపు చాటున, బొటనవేలంత యూఎస్‌బీ తాళం ఒకటి గుచ్చి ఉంటుంది. అప్లికేషన్ తెరుచుకునే ముందు ఆ తాళం ఉందా లేదా అని చూసుకుంటుంది. లేకపోతే పలకదు. మెషిన్ లోపలి సరుకంతా కొత్తచోటికి వెళ్ళిపోతుంది గానీ, వెనక గుచ్చిన తాళం దానంతట అది వెళ్ళదు కదా. దాన్ని పెట్టినవాళ్ళు ఉద్యోగాలు మారిపోయారు. దాని సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ గడిలో ఒక్క మాట రాస్తే సరిపోయేది. కర్సర్ అక్కడే మినుకుమినుకుమంటోంది. గాజు తలుపు అవతల ఆమె, బాస్ ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు. అంత తెలివైన పిల్ల కదా, చూసుకోనీ అనుకున్నాను. గడి ఖాళీగా వదిలి కింది వరసకు దిగాను. అబద్ధమేమీ రాయలేదు, ఏమీ రాయలేదంతే అని సర్దిచెప్పుకున్నాను. ఫైలు పంపించేశాను. పది నిమిషాల్లో "థ్యాంక్యూ అక్కా, మీరు లేకుంటే అయ్యేది గాదు" అని జవాబొచ్చింది.

నాగావళిని మార్చడానికి ఒక ఆదివారం పెట్టుకున్నారు. పొద్దున తొమ్మిదికల్లా ఆఫీసులో మేమిద్దరమే. డిస్కులోని సరుకు కొత్త స్టోరేజ్‌లోకి చేర్చడం నా వంతు, అది పదకొండుకల్లా అయిపోయింది. ఆమె వంతు మెషిన్‌ని కొత్తచోట లేపడం. లేచింది. "అక్కా, లేసింది!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తర్వాత అప్లికేషన్ తెరవబోయింది. తెరుచుకోలేదు. తెర మీద ఒక నంబరు, దాని పక్కన 'ఎర్రర్' అన్న ముక్క తప్ప ఇంకేమీ రాలేదు.

మొదటి గంట ఆమె బెదరలేదు. రెండోసారి, మూడోసారి ప్రయత్నించింది. నేను పక్క కుర్చీలో కూర్చుని నా తెర వైపు చూస్తున్నట్టు నటించాను. నిజం చెప్పాలంటే, నాకు ఆ గంట బావుంది. చాలా రోజుల తర్వాత గుండె తేలికైంది. లేచి వెళ్ళి టీ కలుపుకున్నాను, బిస్కెట్లు కూడా తిన్నాను.

ఒంటి గంటకు బాస్ ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టింది. "క్యా హువా? కల్ సుబహ్ బ్రాంచ్‌వాలే లెటర్ మాంగేంగే." పొద్దున్నే బ్రాంచిల వాళ్ళు ఉత్తరాలు అడుగుతారని ఆయన కంగారు. "సర్, దేఖ్ రహీ హూఁ" అంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"అక్కా, ఇది ఎప్పుడన్న గిట్ల మొండికేసిందా? మీకేమన్న యాదికొస్తదా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. మర్చిపోయానమ్మా అని ఒక్క మాటంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. కానీ, నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"లేదమ్మా. నాకేం గుర్తు రావటం లేదు."

ఈసారి ఖాళీ గడి కాదు, అచ్చమైన అబద్ధం. ఆమె తలూపి మళ్ళీ తెర వైపు తిరిగింది. నా మాట నమ్మింది. నమ్మి, తప్పు తన పనిలోనే ఉందనుకుని పొద్దుటి నుంచి చేసిందంతా మొదటి నుంచీ వెతకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఏమీ తినలేదు. కళ్ళు తుడుచుకోవడం నాకు కనపడకూడదని ఒకసారి వాష్‌రూమ్‌కి వెళ్ళొచ్చింది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు చెప్పలేదంటుందన్న భయానికి మూసుకున్నాను.

మూడున్నరకి ఆమె లేచి టార్చి తీసుకుని సర్వర్ రూమ్‌లోకి వెళ్ళింది. అరగంట తర్వాత బయటికొచ్చింది. జుట్టు నిండా దుమ్ము, మోచేతి మీద గీరుకున్న గీత. గుప్పిట్లోది తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆ యూఎస్‌బీ తాళం. దానికి చుట్టిన తెల్ల టేపు మీద నీలం ఇంకుతో తెలుగులో రాసి ఉంది, 'పీకొద్దు' అని. ఆ ఆఫీసులో తెలుగు రాసేవాళ్ళం మేమిద్దరమే. ఆ రాత ఆమెది కాదు.

"దొరికింది" అంది. అక్కా అనలేదు.

తాళాన్ని తీసుకెళ్ళి కొత్త మెషిన్‌కి గుచ్చింది, లోపలున్న నాగావళికి అది కనపడేలా సెట్టింగు మార్చింది. అప్లికేషన్ తెరుచుకుంది. పరీక్షకు ఒక ఉత్తరం ముద్రించి చూసింది. బ్యాగు భుజాన వేసుకుని, "నేను పోతున్న" అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మెట్రోలో వేర్వేరు బోగీల్లో ఒకే స్టేషన్‌కి వచ్చాం.

మర్నాడు బాస్ మా ఇద్దర్నీ పిలిచాడు. "ప్రాబ్లమ్ ఆఖిర్ థా క్యా?" అని అడిగాడు. ఇప్పుడు చెబుతుంది, చెప్పే హక్కుంది అనుకున్నాను.

"ఏక్ పురానా డాంగిల్ సర్, కేబుల్స్ పీఛే ఛుపా థా" అంది. "మేడమ్ ఔర్ మైనే మిల్‌కే ఢూంఢా." ఇద్దరం కలిసి ఆ తాళాన్ని వెతికి పట్టుకున్నామంది.

"మేడమ్‌జీ హై తో క్యా టెన్షన్!" అన్నాడు బాస్.

ఆ పొగడ్త నన్ను కాల్చినట్టు ఏ తిట్టూ కాల్చలేదు. అందులోనూ చిత్రమేమిటంటే, నా అసూయ అప్పుడు కూడా తగ్గలేదు, పెరిగింది. తెలివి ఎలాగూ ఉంది, ఇప్పుడు మంచితనం కూడా ఈమెదేనా అనిపించింది.

ఆ రోజంతా ఆమె నన్ను మేడమ్ అనే పిలిచింది. మంగళవారం సాయంత్రం ఇక ఉండబట్టలేక, ఆమె బయల్దేరే వేళకే నేనూ బయల్దేరి, లేడీస్ బోగీలో ఆమె పక్కన నిలబడ్డాను. జనం తోసుకుంటున్నారు. న్యూ అశోక్ నగర్ స్టేషన్ దాటింది.

"అది నాకు తెలుసు" అన్నాను చివరికి. "పట్టికలో కావాలనే వదిలేశాను. ఆదివారం నువ్వడిగితే కావాలనే లేదన్నాను."

"ఎర్కనే" అంది. కిటికీ వైపే చూస్తోంది. "టేపు మీద రాత చూసినంక ఎర్కగాకుంటెట్లుంటది?"

"మరి బాస్‌కి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమొస్తది? మీ పరువు పోతది, నా పని ఆగుతది." బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుంది. "మీరు నన్ను తిట్టినా మంచిగుండు. ప్రాజెక్టు నాకెందుకియ్యలేదని సార్‌ని అడిగినా మంచిగుండు. నేను మీ ఇంట్ల తిన్న గదా అక్కా. మీరు నాకు గట్ల చేస్తరనుకోలే."

"ఆ కోఠీ పోలిక నాది" అన్నాను. ఎంత చిన్నగా వినిపించిందో ఆ మాట నాకే.

ఆమె నా వైపు తిరిగింది. "నేను చెప్పిన గదా! 'జైసే మేరీ సీనియర్ కహతీ హై' అనే మొదలువెట్టిన, మా సీనియర్ చెప్పినట్టు అని. మీరు గాన్నే ఉన్నరు."

స్టేషన్ వచ్చింది. దిగాం. మెట్ల మీద నడుస్తుంటే గుర్తొచ్చింది, నిజమే, ఆ మాట ఆమె అంది. నేను విన్నాను కూడా. విని, పనికిరాదని పక్కన పడేశాను.

"నన్నేం చెయ్యమంటావ్?" అని అడిగాను, మెట్ల కింద ఆటోవాళ్ళ అరుపుల మధ్య నిలబడి.

"ఇంకా ఇరవై రెండు మెషిన్లున్నయి" అంది. "రేపు ఆ పట్టిక ముంగటేసుకుని కూసుందాం. ఒక్కోదాని ఎన్క ఏమున్నదో మొత్తం చెప్పుండ్రి. నేను రాసుకుంట. మీరు రాయొద్దు."

ఆ చివరి మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే.

మూడు వారాలు అలాగే కూర్చున్నాం. ఆమె అడిగేది, నేను చెప్పేదాన్ని, ఆమె వెళ్ళి ర్యాకు వెనక టార్చి వేసి చూసుకొచ్చి రాసుకునేది. నా మాట మీద నమ్మకంతో ఒక్క గడీ నింపలేదు. నాలుగో రోజో ఐదో రోజో, సువర్ణముఖి గురించి చెబుతుంటే, "ఇది మీరెట్ల కనిపెట్టిన్రు?" అని ఆశ్చర్యంగా అడిగింది. ఇంకోరోజు, నడుస్తున్న మెషిన్‌ని ఆపకుండా ఒక పెద్ద సర్వర్ మీంచి ఇంకోదాని మీదకి ఎలా జరపాలో నాకు చూపించింది. మౌస్‌తో లాగి వదిలింది, అంతే. బ్రాంచిల్లో పని చేస్తున్న వాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు. పదమూడేళ్ళు నేను రాత్రుళ్ళు మేల్కొని, అందరికీ మెయిళ్ళు పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని చేసిన పని అది. "మళ్ళీ చూపించు" అన్నాను. ఆమెలా నాకు రాలేదే అని ఎంత కుళ్ళుగా ఉందో, చూస్తుంటే అంత సంతోషంగానూ ఉంది. మూడోసారి నాచేత చేయించింది.

మేడమ్ పోయి మళ్ళీ అక్కా ఎప్పుడొచ్చిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆదివారం పులిహోరకు మాత్రం ఆమె మళ్ళీ రాలేదు. పిలిస్తే ఏదో పని చెప్పేది. మా ఆయనకు జరిగినదంతా చెప్పాను. ఆయన విని, "డబ్బాలో పెట్టిస్తాను, ఆఫీసుకి పట్టుకెళ్ళు" అన్నాడు. పట్టుకెళ్ళాను. తింది. డబ్బా కడిగి ఇచ్చింది.

పాత సర్వర్లను తీసుకెళ్ళడానికి ఘాజియాబాద్ నుంచి తుక్కు లారీ వచ్చినరోజు ఇద్దరం గేటు దగ్గర నిలబడ్డాం. గదిలో ముప్పావు భాగం ఖాళీ అయిపోయింది. మాట్లాడితే ప్రతిధ్వని వచ్చేది. ఏసీలు సగం ఆపేశారు, శాలువా అవసరం లేకుండా పోయింది.

ఏడాది తిరగకముందే ఆమెకు గుర్‌గావ్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది. ఆమె కుర్చీ నాకిచ్చారు. అడుగుతానని అనుకోలేదు గానీ ఈసారి బాస్‌ని నేనే వెళ్ళి అడిగాను. "అరే, ఆప్‌నే పహలే కభీ బోలా నహీ" అన్నాడాయన. మూడేళ్ళుగా ఆ సాఫ్ట్‌వేర్ కావాలని చెప్పాను గానీ, ఆ పని నాకు కావాలని ఒక్కసారీ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

మొన్నీమధ్య ఫోన్ చేసింది. ఇప్పుడు తన కింద పదిహేనుమంది పనిచేస్తున్నారట, మూడు ఊళ్ళలోని డేటా సెంటర్లు చూసుకుంటోందట. ఒక పాత స్టోరేజ్ పెట్టె గురించి సందేహం అడిగింది, చెప్పాను. సంతోషం అన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"ఎవరు, ఆ పిల్లేనా? ఏటంటోంది?"

చెప్పాను. చెప్పి, "నాకు కుళ్ళుగా ఉంది" అన్నాను. ఇంట్లో పైకి అనడం అదే మొదటిసారి.

"బాగా ఉందేటి?" అన్నాడు, కత్తి ఆపకుండా.

కాసేపు ఆలోచించుకున్నాను. "ఉంది. ఇదివరకంత లేదు."

"అయితే ఆ పచ్చిమిరపకాయలు ఇలాగియ్యి" అన్నాడు.